ఒకే నంబరు, నలభై మూడు గడపలు

మార్చి 2

ఈ డైరీ బెల్ట్ మీద దొరికింది. ఎవరో పారేసిన పాత సంవత్సరం డైరీ, లోపలంతా తెల్ల కాగితమే. అట్టల కుప్పలో వేయడానికి చేతులు రాలేదు. మేస్త్రీ అటు తిరగ్గానే యాప్రాన్ కింద దోపుకున్నాను. తేదీలు పనికొస్తాయి, వారాలు కలవవు. వారం పేరు కొట్టేసి రాస్తున్నాను. ఎవరికి రాస్తున్నానో తెలియదు, ఎవరూ చదవరు కాబట్టి హాయిగా ఉంది.

బెల్ట్ అంటే మా పని. ఊరి చెత్తంతా రబ్బరు పట్టీ మీద కదిలి వస్తుంటే అటూ ఇటూ వరసగా నిలబడి ఆడవాళ్ళం ఏరుతాం. ఒకరు సీసాలు, ఒకరు అట్టలు, ఒకరు తీగలు. నాది చివరి చోటు. అందరూ ఏరగా మిగిలినదాని అడుగున ఇంకా ఏం దాక్కుందో చూడడం నా పని. పదకొండేళ్ళుగా చూస్తున్నాను.

ఇంకో పని కూడా ఉంది నాకు. దానికి జీతం లేదు, పేరు మాత్రం ఉంది. వీధిలో నన్ను ఫోనక్క అంటారు. మూడేళ్ళ కిందట సాయం కార్డులు రాసినప్పుడు ఫోన్ నంబరు లేకపోతే కార్డు లేదన్నారు. మా డంపు వెనక వీధిలో ఫోన్లు లేవని కాదు. ఉన్నవి మొగుళ్ళ జేబుల్లో ఉంటాయి, లేదా నెలకో సిమ్ మారతాయి. ఒకే నంబరు ఏళ్ళ తరబడి మోసింది నేనే. అందరూ నా నంబరే చెప్పారు. చెప్పమన్నది కూడా నేనే. నలభై మూడు కార్డులు, ఒక నంబరు.

సంచుల రోజున డిపో గుమ్మంలో నిలబడతాను. ఫోన్ మోగుతుంది, ఆరంకెలు గట్టిగా చదువుతాను, ఒక సంచి బయటికి వస్తుంది. గింజలు, పప్పు, నూనె, ఉప్పు. నలభై మూడు సార్లు మోగుతుంది. మా ఆయన నన్ను మినిస్టర్ గారూ అని ఏడిపిస్తాడు. నాకు లోపల గర్వంగానే ఉంటుంది. డైరీకి అబద్ధం దేనికి.

మార్చి 5, ఉదయం

సంచుల రోజు. సెలవు చెప్పాను. చార్జింగ్ ఫుల్.

మార్చి 5, సాయంత్రం

వరసగా రాయడానికి ప్రయత్నిస్తాను.

డిపోలో ట్యాబ్ నొక్కే ఆయన పేరు ఎవరికీ గుర్తు లేదు. ఏం అడిగినా సర్వర్ డౌన్ అంటాడు కాబట్టి సర్వర్ అనే పిలుస్తాం, పలుకుతాడు కూడా. ట్యాబ్‌లో పోయిన వారమే కొత్త వెర్షన్ వచ్చిందని చెప్పాడు. మొదట నా కార్డు పెట్టాను. ఫోన్ మోగింది. సంచి వచ్చింది.

రెండోది మా గోడ పక్క పొడుగు వదినది. ఫోన్ మోగలేదు. తెర ఎర్రబడింది. డూప్లికేట్ అని వచ్చిందన్నాడు. మూడోదీ అంతే. నాలుగోదీ అంతే. ఏడో కార్డు వచ్చేసరికి క్యూలో వాళ్ళు ట్యాబ్ చూడడం మానేసి నన్ను చూడడం మొదలుపెట్టారు.

ఒక నంబరుకు ఒకే కార్డట. ముందు రాసుకున్న కార్డు అసలు, తర్వాతవన్నీ దొంగవట. ముందు రాసుకున్నది నేను. అంటే వీధి మొత్తంలో నేనొక్కదాన్నే ఉన్నాను. మిగతా నలభై రెండు గడపలూ నేను పుట్టించిన దొంగలెక్క.

పొడుగు వదిన అందరి ముందూ అడిగేసింది, అంకెలన్నీ నీ ఫోన్‌లోకే వచ్చాయి కదా, ఎవరికి ఏం చెప్పావని. సంచి ఎత్తుకుని అంతమంది మధ్య నుంచి నడిచి వచ్చాను. పదికిలోల సంచి అంత బరువుంటుందని ఎప్పుడూ తెలియలేదు.

మార్చి 6

పొడుగు వదిన మాట్లాడలేదు. బెల్ట్ మీద కూడా.

మార్చి 7

నా సంచి మూలన కూర్చుని నన్నే చూస్తోంది. విప్పి కొంచెం పిండి పట్టించి, సంకటి వండి పెద్దమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను.

పెద్దమ్మ నాకు చుట్టం కాదు. ఆవిడకు ఎవరూ లేరు. బెల్ట్ మీద నా ఎదురు చోటు ఆవిడది, కాళ్ళు వాచి రెండేళ్ళ కిందట మానేసింది. పనిలో చేరిన మొదటి రోజే నా కంట్లో గాజు నలుసు పడింది. రెండు చేతులకూ కంపుకొట్టే గ్లవ్స్, తుడుచుకునే వీలు లేదు. పెద్దమ్మ బెల్ట్ మీదుగా వంగి, మణికట్టుతో నా గడ్డం పైకెత్తి, ఉఫ్ మని ఊదింది. కన్ను దానంతట అదే టపటపలాడింది, నలుసు పోయింది. ఏడవకే, ఇక్కడ ఒకరి కళ్ళు ఒకరు చూసుకోవాలి అంది. అప్పటి నుంచి బెల్ట్ మీద ఎవరి కంట్లో ఏం పడ్డా పక్కవాళ్ళు ఊదడమే.

ఇవాళ ఆవిడ తిన్నాను అంది. గిన్నె చూశాను. బోర్లించి ఉంది, తడి కూడా లేదు. మిగిలిపోయింది తెచ్చానని నేనూ అబద్ధం చెప్పాను. ఆవిడ నవ్వి, పసివాళ్ళున్న ఇంట్లో ఇవ్వమంది. ఎంత బతిమాలినా రెండు ముద్దలు కూడా దిగలేదు. ఒకరి వాటాలోంచి తినే మనిషి కాదు. ఆవిడ కార్డు మీద ఆవిడ సంచి వస్తేనే తింటుంది. అది రాకపోతే మా వీధిలో ముందు పోయేది పెద్దమ్మే. ఇంటికొచ్చి మా ఆయన మీద అరిచాను, పాపం ఆయన ఏం చేశాడు.

మార్చి 10

ఆఫీసుకు వెళ్ళాను. ఫ్యాన్ కింద మూడు బెంచీలు, ఒక కూలర్, ఒక మేడమ్. సాయం కార్డులన్నీ ఆవిడ చేతిలో ఉంటాయి.

ఆవిడ తెర నా వైపు తిప్పి చూపించారు. మధ్యలో నా నంబరు, చుట్టూ నలభై మూడు చుక్కలు, అన్నిటి నుంచీ నా మీదికి ఎర్ర గీతలు. కంప్యూటర్ దీన్ని ముఠా అంటుందట. ఆ నంబరు ఎవరిది అని అడిగారు. నాదే అన్నాను. ఆవిడ పెన్ను మూత తీశారు. నా మీద ఎంక్వయిరీ ఉంటుందని, నెలాఖరుకు నలభై రెండు కార్డులూ రద్దవుతాయని మర్యాదగానే చెప్పారు. మర్యాదగా చెబితే తిరగబడడం ఇంకా కష్టం.

వాళ్ళంతా ఉన్నారు మేడమ్, కావాలంటే పిలుచుకొస్తాను అన్నాను. సిస్టమ్‌లో లేరు కదమ్మా అన్నారు.

బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని బాగా ఏడ్చాను. ఎవరైనా చూశారా అంటే చూశారు. చూడనీ.

మార్చి 11

నా నంబరు ఇచ్చినందుకు వీధి తిండి పోయింది. ఇవ్వకపోతే మూడేళ్ళ కిందటే ఉండేది కాదు. ఎటు తిప్పినా మెడకే చుట్టుకుంటోంది.

మార్చి 12

పని దిగి తిన్నగా డిపోకు వెళ్ళాను. సర్వర్ తాళం వేస్తున్నాడు. కార్డు రాసే తెర ఒకసారి చూపించమన్నాను. సర్వర్ డౌన్ అన్నాడు. పరవాలేదు, నేను గుమ్మంలోనే కూర్చుంటాను, లేచే వరకూ ఉంటాను అన్నాను. నా సంగతి తెలుసు కాబట్టి సర్వర్ వెంటనే లేచింది.

పేరు, వయసు, చిరునామా. మా చిరునామా గడిలో డంపు వెనక అని ఉంది, చాలు. కింద ఫోన్ నంబరు గడి. అది ఖాళీగా ఉంచితే ముందుకు పోదని నొక్కి చూపించాడు. నిజమే, పోలేదు. నంబరు గడితో పాటే అంకెల పలక పైకి లేచి సగం తెర మింగేసి కూర్చుంది.

దాని కింద ఏముందని అడిగాను. ఏమీ లేదన్నాడు. ఎప్పుడైనా చూశావా అన్నాను. అడుగున ఏమీ లేదని మా బెల్ట్ మీద ఎవరైనా అంటే వాళ్ళ చెయ్యి కూడా పెట్టలేదని అర్థం. ఆ పలక దించమన్నాను. దించడం ఎలాగో ఆయనకు కాసేపు తెలియలేదు.

దించాడు. కింద చిన్న గడి. పక్కన సన్నటి అక్షరాల్లో, సొంత ఫోన్ నంబరు లేదు, అని ఉంది.

మూడేళ్ళు. మూడేళ్ళుగా ఆ గడి అక్కడే ఉంది, అంకెల పలక వెనకాల.

సర్వర్ స్టూలు మీద కూలబడ్డాడు. రోజూ చూసే తెరే అక్కా అన్నాడు. ఆయన నన్ను అక్కా అనడం అదే మొదటిసారి. తిట్టాలని నోటి దాకా వచ్చింది. కానీ తీసుకో నా నంబరు అని వీధంతా తిరిగి చెప్పిందెవరు? గడి కోసం నేనూ అడగలేదు. ఆయన్ని లేపి, తెరను నా ఫోన్‌తో ఫోటో తీసుకుని వచ్చాను.

మార్చి 13

మేడమ్ ఫోటో చూశారు. తన ట్యాబ్ తీసి తానే పలక దించారు. మళ్ళీ ఎక్కించారు, మళ్ళీ దించారు. ఎవరికో ఫోన్ చేసి పక్క గదిలోకి వెళ్ళారు. గోడ పల్చనిదే, ఆవిడ గొంతు పెరగడం వినిపించింది. ప్రాణం లేచొచ్చింది.

తేలిందిది. నంబరు లేనివాళ్ళకు దారి ఉంది. మనిషి స్వయంగా వచ్చి కెమెరా ముందు కూర్చోవాలి. కెమెరా కళ్ళార్పమంటుంది, ఆర్పితే బతికున్న మనిషని నమ్ముతుంది. డిపో తరఫున సర్వర్ వేలిముద్ర పడాలి. నంబరు చెరిగిపోతుంది, ఇక మీదట ముఖమే కార్డు. ఇందుకు తెర తెరిచేది మూడు నెలలకొక్క రోజు. ఈసారి 21న, పదింటి నుంచి అయిదింటి దాకా. అయిదు దాటితే దానంతట అదే మూసుకుంటుంది.

ఒక మనిషికి ఇరవై నిమిషాలు పడుతుందని, ఇరవై ఒక్క మంది అవుతారని, మిగతా సగం మంది మూడు నెలలు ఆగాలని మేడమ్ చెప్పారు. ఆ సగంలో ఎవరుండాలో నన్నే రాసిమ్మన్నారు.

రాయనన్నాను. నలభై రెండూ అవుతాయన్నాను. ఎలాగో నాకప్పటికి తెలియదు.

మార్చి 15

తెలిసింది. బెల్ట్ మీద నిలబడి ఉండగానే తెలిసింది. ఇరవై నిమిషాల్లో పదిహేను మనిషి కుర్చీలో కూర్చుని కార్డు వెతుక్కోవడానికి, పేరు చెప్పడానికి, ముసుగు తీయడానికి పోతాయి. ఆ పనులేవీ కుర్చీలో చేయనక్కర్లేదు. మనమే బెల్ట్ అవుదాం అన్నాను.

పొడుగు వదిన సీసా ఒకటి గంపలోకి విసిరి, గేటు దగ్గర నేనుంటాను, కార్డు లేకుండా ఎవడొస్తాడో చూస్తాను అంది. నా వంక చూడలేదు. చూడకపోయినా అది నాతో అన్నదే.

21న అందరికీ సెలవు కావాలంటే మేస్త్రీ పళ్ళు నూరాడు. సెలవు రోజున వచ్చి ఆ పని తీర్చేస్తామంటే తలూపాడు.

మార్చి 17

రిహార్సల్. మా ఇంటి ముందు స్టూలు, నా ఫోన్ కెమెరా. వదిన కార్డు తీసుకుంటుంది. పక్కావిడ ముఖం తుడిచి జుట్టు వెనక్కి నెడుతుంది. మూడో ఆవిడ వరస చీటీ ఇస్తుంది. మనిషి కూర్చునేలోపే పేరూ కార్డు నంబరూ నేను చెప్పేస్తాను. ఒకటే నియమం, కుర్చీ చల్లబడకూడదు.

కళ్ళార్పడం నేర్పడానికే సాయంత్రం అయింది. ఒకాయన రెండూ ఆర్పమంటే ఒక్కటే కొడతాడు, ఎదురుగా పెళ్ళాం ఉందని కూడా చూడకుండా. వీధంతా పగలబడి నవ్వింది. ఈ నెలలో ఇదే మొదటి నవ్వు.

మార్చి 19

పెద్దమ్మ ఇవాళ మంచం దిగలేదు. వదినా నేనూ చెరో భుజం పట్టి లేపాం. వదిన ముందు తిట్టి, తర్వాత ఏడ్చి, రెండు గరిటెల జావ తాగించింది. బయటికొచ్చాక నా చెయ్యి పట్టుకుంది.

మార్చి 21, ఉదయం 9.40

ఆఫీసు మెట్లు. నలభై ఒక్కమంది వచ్చారు. పెద్దమ్మ ఎక్కువసేపు కూర్చోలేదు కాబట్టి చివర్లో తెస్తాం. మా ఆయన తోపుడు బండి కడిగి పరుపు వేశాడు. సర్వర్ ఇస్త్రీ చొక్కాలో వచ్చాడు.

11.50

పద్నాలుగు. మనిషికి ఎనిమిది నిమిషాలు కూడా పట్టడం లేదు. మేడమ్ ఒకసారి గడియారం, ఒకసారి మా వరస చూశారు.

1.10

లంచ్ అన్నారు మేడమ్. మా వరసలో ఎవరి కడుపో గట్టిగా జవాబు చెప్పింది. ఆవిడ డబ్బా మూత పెట్టేసి, తర్వాతి వాళ్ళు రండి అన్నారు.

2.15

ఇరవై తొమ్మిది. ఆగిపోయాం. సర్వర్ వేలు పడడం లేదు. పొద్దుటి నుంచీ గాజు మీద నొక్కి నొక్కి వేలు నున్నబడింది, ముద్ర కలవలేదంటోంది మిషన్. ఆయన వేలు వంక అలాగే చూస్తున్నాడు. ఇన్నాళ్ళూ మా వేళ్ళు పడకపోతే ఆయన చిరాకుపడేవాడు. మా ముసలివాళ్ళలో ఒకావిడకు నవ్వాగడం లేదు.

2.50

వేళ్ళు పడకపోతే ఏం చేయాలో మాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది. కూలర్ పక్కన వేడి నీళ్ళు అడిగి, గుడ్డ ముంచి, సర్వర్ చేతిని నలుగురు ఆడవాళ్ళు కలిసి ఒత్తారు. పెళ్ళికొడుకులా కూర్చున్నాడు. చివరికి ఆకుపచ్చ వెలిగింది. ముప్పై అయిదు నిమిషాలు పోయాయి. కుర్చీ చల్లబడింది. పరిగెత్తాలి.

4.35

నలభై ఒకటి. పెద్దమ్మ ఇంకా రాలేదు. వదిన గేటెక్కి రోడ్డు చూస్తోంది.

మార్చి 21, ఇంటికొచ్చాక

పెద్దమ్మ 4.44కు వచ్చింది. బండి చక్రం దారిలో ఊడితే మా ఆయన ఆవిడను వీపు మీద మోసుకొచ్చాడు. కుర్చీలో కూర్చోబెట్టాం. పేరు చెప్పాను, నంబరు చెప్పాను. తెరలో ఆవిడ ముఖం వచ్చింది, ఎండిపోయి, కళ్ళు మాత్రం పెద్దవిగా. ట్యాబ్ ఆడగొంతుతో చెప్పింది, దయచేసి కళ్ళు ఆర్పండి అని.

పెద్దమ్మ ఆర్పలేదు. తెర వంక కళ్ళు చిట్లించి చూసింది.

"ఎవత్తే అది? దాని మాటకి నేను కళ్ళార్పడమేంటి?"

మేమంతా ఒకేసారి బతిమాలాం. దాంతో ఆవిడకు ఇంకా మొండితనం వచ్చింది. పోనీ వీళ్ళ మాటైనా విందామని ఆవిడ ప్రయత్నించేసరికి కళ్ళు మరీ పెద్దవి చేసింది. ప్రయత్నం విఫలమైంది అని వచ్చింది. మళ్ళీ. విఫలమైంది. మూడుసార్లు తప్పితే కార్డు లాకవుతుందని మేడమ్ చెప్పారు. 4.55.

నాకప్పుడు ఇంకేం తోచలేదు. ట్యాబ్ పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాను. మణికట్టుతో పెద్దమ్మ గడ్డం పైకెత్తాను. ఉఫ్ మని ఊదాను.

పెద్దమ్మ కళ్ళు టపటపలాడాయి.

ఆకుపచ్చ. సర్వర్ వేలు పెట్టాడు. ఆకుపచ్చ. 4.57.

ఆ గదిలో లేచిన కేక డంపు దాకా వినిపించి ఉంటుంది. వదిన నన్ను నేల మీద నుంచి ఎత్తేసింది, అంత పొడుగు మనిషి ఎత్తితే కాళ్ళు గాల్లోనే ఉంటాయి. మా ఆయన మినిస్టర్ గారూ అని అరుస్తున్నాడు. సర్వర్ గోడ వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు, ఆ వేలుతోనే. పెద్దమ్మ మాత్రం, నలుసేం పడలేదు కదే, దేనికి ఊదావు అని అడుగుతోంది.

మేడమ్ తెర నా వైపు తిప్పారు. మధ్యలో నా చుక్క ఒక్కటే ఉంది. నలభై రెండు చుక్కలూ దూరంగా జరిగి, ఎవరి చోట వాళ్ళు ఉన్నారు, ఒక్క ఎర్ర గీత లేదు. నా ఎంక్వయిరీ కాగితం చింపి బుట్టలో వేశారు. కాగితాలకు విడిగా పెట్టిన బుట్టే, నేను చూశాను. ఆగిపోయిన ఈ నెల సంచులు రేపే పంపుతానన్నారు.

వచ్చేస్తుంటే పిలిచారు. ఇంకా ఎన్నో వీధుల్లో ఇదే గోల ఉంటుందని, ఆ పలక దించడం డిపోల వాళ్ళకు వచ్చి చూపిస్తావా అని అడిగారు. తర్వాత కొంచెం ఇబ్బందిగా నవ్వి,

"నీ నంబరు ఇవ్వమ్మా" అన్నారు.

ఈసారి కాస్త ఆలోచించి ఇచ్చాను.

మార్చి 22

సంచులు వచ్చాయి. పెద్దమ్మ గిన్నె తడిగా ఉంది. నేనే మూత తీసి చూశాను. అడుగంటా నాకేసి, ఇంకొంచెం ఉప్పు పడాల్సింది అంది.

ఏప్రిల్ 5

ఫోన్ ఒక్కసారే మోగింది. అలవాటు కొద్దీ ఆరంకెలూ గట్టిగా చదివాను. క్యూ అంతా నవ్వింది. సంచి నాదే.